తాలు

పూర్తిగా ఆడని ఆట మీద సమీక్ష రాయడమంటే వినుకొండలో నెట్ సెంటర్ నడిపే మెహర్‌కి ఒళ్ళుమంట. అందుకే కంప్యూటర్ పత్రికవాళ్ళు రెండుసార్లు ఫోన్ చేసినా పంపలేదు. సైన్స్ ఫిక్షన్ నవల ఆధారంగా తయారైన పాత కంప్యూటర్ ఆట అది. బొమ్మలో కనిపించే ప్రతి వస్తువునీ మౌస్‌తో నొక్కి చూస్తూ దారి వెతుక్కోవాలి. అందులో అంతరిక్ష నౌక తలుపు ఒకదాని దగ్గర మెహర్ పదకొండు రోజులుగా ఆగిపోయింది. విత్తనాల కుప్పలోంచి ఏడు ఏరి తలుపు గూట్లో పెట్టాలి. మంచి ఎరుపున్నవి ఎన్ని రకాలుగా పేర్చినా తెరుచుకోదు.

"ఈ చిక్కుకి జవాబే లేదు, తప్పు తయారుచేసినవాళ్ళది" అని చిత్తుప్రతిలో రాసేసింది కూడా. అయినా మనసొప్పక మళ్ళీ మౌస్ అందుకుంది.

మధ్యాహ్నం మిరప కల్లం నుంచి వస్తూ క్యారేజీ తెచ్చిన తల్లి మౌలాబీ, కూతురి భుజం మీదుగా తెరలోకి చూసింది.

"ఆ తెల్లవన్నీ పక్కకి నెట్టేస్తన్నావేందే?"

"తాలు కదమ్మా!"

అన్నాక మెహర్ చెయ్యి ఆగిపోయింది. రంగు పోయిన కాయల్ని తాలని ఏరి అవతల పడేస్తూ కల్లంలోనే పెరిగిన చెయ్యి అది. వాటిని తీసెయ్యమని ఆట ఎక్కడా చెప్పలేదు.

లెక్కపెట్టింది. తెల్లవి సరిగ్గా ఏడు. ఒక్కొక్కటే గూట్లో పెట్టింది. తలుపు తెరుచుకుంది.

చిత్తుప్రతిలో వాక్యం కొట్టేసి, పెన్ను విరిగేంత గట్టిగా రాసింది: "ఆట చాలా కష్టం. తప్పు మాత్రం ఆటది కాదు, ఏరే చేతిది."