మెట్లు లేని దవాఖాన

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నాలుగో వారంలో పడింది. బస్సులు లేక, నిజాంపేట నుంచి మాదాపూర్ వెళ్లే షేర్ ఆటోలో మార్తమ్మ ఒక మూలకు ఒదిగి కూర్చుంది. ఒళ్లో టిఫిన్ డబ్బా. కూతురికి ఆఫీసులో అన్నం ఇవ్వడానికి వెళుతోందని తోటివాళ్లు అనుకున్నారు. ఆమె సాక్ష్యం చెప్పడానికి వెళుతోందని వాళ్లకేం తెలుసు!

ఆ పొద్దున ఒక ఫోను వచ్చింది. ఎవరో ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా, "మీ అమ్మాయి జాయ్స్ రోజూ ఆఫీసు ఏ గేటు దగ్గర దిగుతుందో మాకు తెలుసు. సాక్ష్యం మానుకోండి" అని పెట్టేశాడు. భర్త అబ్రహాం దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఆ కర్నల్ ఎవడో, ఆ దేశమేందో! నీకెందుకే గీ పరేషాని? పిల్ల మీదికొస్తే ఏం జేస్తవు?"

మార్తమ్మ టిఫిన్ డబ్బా అందుకుంది. ఆయన్ని తప్పించుకుని బయలుదేరింది.

ఇరవై ఏళ్ల కిందట ఆమె దూరదేశంలో ఒక సైనిక దవాఖానలో నర్సు. కర్నల్ మనుషులు ఖైదీలను మోసుకొచ్చి పడేసేవాళ్లు. అరికాళ్లు చిట్లి, గోళ్లు ఊడి ఉండేవి. డ్యూటీ మారేటప్పుడు నర్సు రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. "మెట్ల మీద నుంచి పడ్డాడని రాయి" అనేవాడు పెద్ద డాక్టరు. ఆమె పాస్‌పోర్టు దవాఖాన వాళ్ల బీరువాలో ఉంది; కాదంటే దేశం దాటలేదు. రాసింది. పదకొండు మందికి అలాగే రాసింది. అలా అబద్ధం రాసిన సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇన్నేళ్లకు కర్నల్ మోకాలి వైద్యానికి యూరప్ వెళ్తే, బతికి బయటపడ్డ ఖైదీ ఒకడు గుర్తుపట్టాడు. అక్కడి పోలీసులు అరెస్టు చేశారు. దవాఖానలో నర్సుగా మార్తమ్మ పేరు ఆ ఖైదీయే చెప్పాడు; ఆమె ఇక్కడి నుంచే వీడియోలో సాక్ష్యం చెప్పాలి.

ఆ సాక్ష్యం ఏర్పాట్లు చూస్తున్న లాయరు కృష్ణప్రియ ఆఫీసులో జాయ్స్ అప్పటికే కూర్చుని ఉంది. ఫోను సంగతి విని, పోలీసులకు ఫిర్యాదు చేసి, కృష్ణప్రియే పిలిపించింది. కూతుర్ని చూసి మార్తమ్మకు ప్రాణం లేచివచ్చింది. ఆ వెంటనే ఇంకో భయం పట్టుకుంది. ఇప్పుడు ఈ పిల్ల అంతా వింటుంది.

"మేడం, ఆయన దేశం వేరు, నాది వేరు, ఆ కోర్టు ఇంకో దేశంది. గీ కేసు ఎట్ల నిలబడతది?"

"కొన్ని నేరాలు మొత్తం మానవజాతి మీద చేసినట్టే లెక్క, సిస్టర్. చిత్రహింస అట్లాంటిదే. సొంత దేశంలో వాణ్ని అడిగే దిక్కు లేకపోతే, దొరికిన చోటి కోర్టే అడగొచ్చు."

"మరి నా సంతకం?"

"అడుగుతారు. ఏమీ కాదని నేను మాట ఇవ్వలేను."

తెర మీద కర్నల్ కనిపించాడు. తల వంచి కాగితాలు చూస్తున్నాడు; జుట్టు నెరిసింది, మొహం మాత్రం అదే. అంతలో కరెంటు పోయింది. ఆ చీకటి గదిలో ఆమె లేచి నిలబడింది. తలుపు రెండడుగుల దూరంలో ఉంది. వెళ్లిపోతే అంతా సమసిపోతుంది. జాయ్స్ చెయ్యి ఆమె చేతిని వెతికి పట్టుకుంది. జనరేటరు నడిచి తెర మళ్లీ వెలిగింది. మార్తమ్మ మళ్లీ కూర్చుంది.

కర్నల్ లాయరు పాత రిజిస్టరు పేజీ చూపించాడు. దుబాసి తెలుగులో అడిగాడు: "ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"మెట్ల మీద నుంచి పడ్డాడని మీరే రాశారు కదా?"

"నేనే రాసిన. భయపడి రాసిన. పదకొండు మందికి గట్లనే రాసిన." ఆమె తెర మీది కర్నల్ వైపు చూసింది. "కానీ సార్, ఆ దవాఖానల మెట్లే లేవు. అంత ఒక్కటే అంతస్తు."

కర్నల్ మొదటిసారి తలెత్తి ఆమెను చూశాడు.

బయటికి వచ్చాక జాయ్స్ కళ్లు తుడుచుకుంది. "భయం పోయిందా అమ్మా?"

"పోలె బిడ్డా. మళ్ల ఫోన్ మోగుతదేమో." మార్తమ్మ కూతురి చెయ్యి వదలలేదు. "మనిషిని హింసించినోనికి ఏ దేశంల జాగ దొరకొద్దు. చూసినోళ్లం మనం నోరు మూసుకుంటే అన్ని దేశాలు వానియే అయితయి."