రివర్స్ పడని కారు

తిరుపతయ్య బ్రేకు తొక్కిపట్టి గేరు లివర్‌ను వెనక్కి లాగాడు. పి, ఆర్, ఎన్, డి. మళ్లీ ముందుకు తోశాడు. డి, ఎన్, ఆర్, పి. ముందు అద్దంలోంచి అపార్ట్‌మెంట్ గోడ కనిపిస్తోంది. ఆ గోడకీ కారు ముక్కుకీ మధ్య పిల్లి దూరేంత సందు. రివర్స్ వేసి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను గొంతు సవరించుకుంటుంది తప్ప కారు కదలదు. కొన్ని వారాలుగా ఇదే వరస. రోజూ ఆఫీసు బస్సుకి ముందు కిందికి దిగి, కదలని కారు అద్దాలు తుడిచి, ఒకసారి గేర్లన్నీ వేసి చూసి వెళ్తాడు, మంచాన పడ్డ చుట్టాన్ని పలకరించి వెళ్లినట్టు.

ఈ రోజు మాత్రం సెలవు పెట్టాడు. నాలుగింటికి పాత కార్లు కొనే అతను బండి తెచ్చి దీన్ని లాక్కుపోతానన్నాడు. అదే సాయంత్రం రిషిత రైలు. ఆ వరంగల్ అమ్మాయి జర్మనీలో ఈ ఇంగోల్‌స్టాట్‌లోనే మాస్టర్స్ ముగించింది. కొలోన్‌లో ఉద్యోగం వచ్చి ఊరు మారుతోంది. ఆమెను స్టేషన్‌కి తన కారులోనే దింపాలన్నది తిరుపతయ్య పట్టుదల. "బస్సుల పోత అంకుల్, మీరు పరేషాన్ గాకుండ్రి" అని నిన్న ఆమె మంచి మనసుతోనే అంది. ఆ మాట రాత్రంతా అతనికి అరగలేదు.

యాభైకి దగ్గరపడ్డ మనిషి. పొట్ట దగ్గర బిగుసుకునే స్వెట్టరు, ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకి ఒరిగే నడక. బ్లూ కార్డు వీసా మీద వచ్చిన కొత్తలో ఇక్కడి డ్రైవింగ్ పరీక్షలో క్లచ్‌తో గొడవపడి గొడవపడి చివరికి ఆటోమేటిక్ బండి మీద గట్టెక్కాడు. అందుకే లైసెన్సు మీద ఆటోమేటిక్ మాత్రమే అని ఉంటుంది. ఎవరైనా అడిగితే గేర్‌బాక్స్ విభాగంలో పనిచేస్తానంటాడు. అది అబద్ధం కాదు. ఆఫీసులో కారు లేని ఒక సీటు, ఒక లివరు, ఒక తెర ఉంటాయి. ఆ సీట్లో కూర్చుని లివర్ జరిపి, తెర మీద సరైన అక్షరం వెలిగిందో లేదో చూడటం అతని ఉద్యోగం. ఆ పని వచ్చే ఏడు మిషన్‌కి అప్పగిస్తామని మేనేజరు ఏటా అంటాడు. ఏటా మరిచిపోతాడు, ఒక్కోసారి తిరుపతయ్యను కూడా.

కానీ ఊళ్లోని తెలుగు విద్యార్థులకి అతను లేందే గడవదు. కొత్తగా దిగినవాళ్లను మ్యూనిక్ ఎయిర్‌పోర్ట్ నుంచి తేవాలన్నా, ఊళ్లో చిరునామా నమోదుకి ఇచ్చే అన్‌మెల్డుంగ్ టెర్మిన్‌కి పరుగెత్తించాలన్నా, ఎవరో వదిలేసిన పరుపును ఇంకెవరి గదికో చేర్చాలన్నా ఫోన్ అతనికే. వాళ్ల ఫోన్లలో అతని పేరు కార్ అంకుల్. అసలు పేరు తెలియనివాళ్లే ఎక్కువ. అతనికీ ఆ పేరే ఇష్టం. కారు ఆగింది, ఫోన్ కూడా ఆగింది. కారు పోతే తననెవరు తలుచుకుంటారు? ఇది పోతే ఇంకో కారు వద్దని భార్య బాలామణికి మాట కూడా ఇచ్చేశాడు.

వర్క్‌షాప్ వాళ్లు వచ్చి కంప్యూటర్ తగిలించి చూశారు. లివర్ ఏ గేర్లో ఉందో గేర్‌బాక్స్‌కి అర్థం కావడం లేదని తేల్చారు. విప్పితే గానీ కారణం తెలియదు, ఈ వయసు కారుని విప్పడం కంటే సాగనంపడం మేలని మర్యాదగా చెప్పి వెళ్లారు.

బాలామణి మాత్రం ఇది దిష్టి అంది. దసరాకి కారుకి పూజ చేసి, స్టీరింగ్‌కీ గేరుకీ బొట్టు పెట్టి, అక్షింతలు వేసి, కొబ్బరినీళ్లు చల్లిన చేయి ఆమెదే. ఆ తర్వాత గేరు మొరాయించడం మొదలైంది. ఇంతమంది ఎక్కి దిగే కారుకి ఒక్క పూజ ఏం సరిపోతుందని ఆమె ప్రతి శుక్రవారం పళ్లెంతో దిగింది. గేరు ఎంత మొరాయిస్తే అక్షింతలు అంత ధారాళంగా పడ్డాయి. శనివారం తిరుపతయ్య బ్రష్షుతో సీట్లు ఊడ్చి శుభ్రం చేసేవాడు.

ఇప్పుడు దిక్కుతోచక అతను తనకి తెలిసిన ఒకే ఒక పని చేశాడు. కళ్లు మూసుకుని ఆఫీసులో లాగే లివర్ జరిపాడు. పి దగ్గర టక్. ఎన్ దగ్గర టక్. డి దగ్గర టక్. ఆర్ దగ్గర ఏమీ లేదు. మళ్లీ జరిపాడు. ఆర్ దగ్గర లివర్ మెత్తగా ఆగుతోంది తప్ప గాడిలో పడటం లేదు. ఏళ్ల తరబడి ఆ టక్ వింటూ జీతం తీసుకున్న మనిషి, సొంత కారులో అది లేదని ఇన్నాళ్లూ గమనించనందుకు తననే తిట్టుకున్నాడు.

పనిముట్లు లేవు. వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి లివర్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మూత పైకి లేపాడు. కింద గాడిలో పచ్చటి ముద్ద. బియ్యం, పసుపు, కుంకుమ కలిసి, ఎండిన కొబ్బరినీళ్లతో పల్లీపట్టీలా గట్టిపడ్డాయి. పైన పడ్డ గింజల్ని శనివారం శనివారం బ్రష్షుతో లోపలికి నెట్టింది తనే. పాత టూత్‌బ్రష్, తడిగుడ్డ పెట్టి గీకుతుంటే పైనుంచి అడుగుల చప్పుడు వినిపించింది. ఆ రోజు శుక్రవారం. బాలామణి చివరి ప్రయత్నంగా పళ్లెం పట్టుకుని వస్తోంది.

దాచడానికి వ్యవధి లేదు. ఆమె అతని అరచేతిలోని పచ్చటి పెళ్లల్ని చూసింది, పళ్లెంలోని అక్షింతల్ని చూసింది. మొహం ఎర్రబడింది.

"గివన్నీ నేనేసినయేనా?"

తిరుపతయ్య ఆఫీసులో ఎప్పుడూ ఇంత ఆలోచించి జవాబు చెప్పలేదు.

"నువ్వేసినయి ఒక్కటి గూడ వట్టిగ పోలే. అన్నీ గీ కార్లనే ఉన్నయ్."

బాలామణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని అతను కంగారుపడ్డాడు. నవ్వుతోంది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, పక్కసీట్లో కూర్చుని, గేరు వేయమంది. ఇంజను ఆన్ చేశాడు. ఇన్నాళ్లూ వెలుగుతున్న హెచ్చరిక దీపం ఈసారి వెలగలేదు. లివర్ ఆర్ దగ్గర టక్‌మంది. కారు గోడను వదిలి మెల్లగా వెనక్కి జరిగింది. తిరుపతయ్యకి పట్టలేనంత సంతోషమేసింది. బాలామణి దిగి, ఇక ముందు అక్షింతలు బయట బానెట్ మీదే వేస్తానని ఒప్పుకుంది.

నాలుగింటికి వచ్చిన పాత కార్లతను, వాకిట్లో ముందుకీ వెనక్కీ ఊరికే తిరుగుతున్న కారుని చూసి గడియారం చూసుకున్నాడు. ఖాళీ చేతుల్తో పంపకూడదని బాలామణి అరటిపండు, కొబ్బరిచెక్క పెట్టింది. అతను వాటిని ముందు సీటు మీద పెట్టుకుని వెళ్లిపోయాడు.

స్టేషన్ ముందు తిరుపతయ్య కారు ఆపిన తీరు చూడాలి. తిన్నగా పెట్టే చోటు ఉన్నా రివర్స్‌లోనే పెట్టాడు. సూట్‌కేసులు దించాడు. వెనక సీట్లో ఒక స్టీల్ కుక్కర్ మిగిలింది. తీయబోతే రిషిత ఆపింది. అది తనది కాదట, తను వచ్చిన కొత్తలో ఒక సీనియర్ ఇచ్చి పోయిందట.

"ఈషా అని మా జూనియర్ బుధవారం మ్యూనిక్‌ల దిగుతది అంకుల్. ఇది ఆమెకియ్యండ్రి. మీ నంబర్ గూడ ఇచ్చిన."

కారు బాగైన సంగతి మధ్యాహ్నమే కదా తెలిసింది, నంబర్ ఎప్పుడిచ్చావని అతను అడిగాడు.

"పోయిన నెలనే. కారు లేకపోతేమాయె, ట్రైన్ల వస్తరని చెప్పిన. మొదటి రోజు మనోళ్ల మొఖం ఒకటి కనవడాలె గద."

తిరుపతయ్య రెండు సూట్‌కేసులూ తనే లాక్కుంటూ ప్లాట్‌ఫారం దాకా వెళ్లాడు. రైలు కదిలే ముందు రిషిత వంగి కాళ్లకి దండం పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ఏదో పడిపోయిందేమోనని నేల వైపు చూశారు. తలుపులు మూసుకున్నాయి. రైలు వెళ్లిపోయాక కూడా అతను కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుని కారు దగ్గరికి వచ్చాడు.

మొదటి మలుపులోనే వెనక కుక్కర్ దొర్లి ఖంగుమంది. పక్కకి ఆపి, దిగి, దాన్ని నిలబెట్టి సీటు బెల్టు బిగించాడు. విజిల్ ఎక్కడా పోకుండా రిషిత దాన్ని తన జుట్టు రబ్బరుతో కుక్కర్ పిడికి కట్టి ఉంచింది.