సాక్షి రాని వాయిదాలు

నందిగామ కోర్టు ఎదుటి టీకొట్టులో మూల బల్ల మీద కూర్చుంటే గేటూ, గేటు లోపల గోడవారన నిలబడ్డ దిలీపూ స్పష్టంగా కనిపిస్తారు. భవానీప్రసాద్ ప్రతి వాయిదాకూ జగ్గయ్యపేటలో బస్సెక్కి వచ్చి అక్కడే కూర్చునేవాడు. కోర్టులోకి మాత్రం అడుగుపెట్టేవాడు కాడు.

"మళ్ళీ వచ్చారా మాస్టారూ? కోర్టు సంగతేమో గానీ, మా కొట్టుకి మీరు పర్మనెంటు సాక్షి," అంది కొట్టావిడ టీ పోస్తూ.

ఆయన చూపు గేటు మీదే ఉంది.

రెండేళ్ళ కిందట ముక్త్యాల రోడ్డులో, ఆయన కళ్ళముందే, ఒక సిమెంటు లారీ ఆటోను దాటబోయి ఆయన ఒక్కగానొక్క కూతురు సాయిప్రియ స్కూటీని ఢీకొట్టింది. పిల్ల అక్కడే పోయింది. ఆటోవాడు ఆగకుండా పోయాడు. లారీ నడిపింది దిలీప్. చూసినట్టు చెప్పగలిగినవాడు భవానీప్రసాద్ ఒక్కడే. పిలుపు వచ్చిన ప్రతిసారీ ఒంట్లో బాగాలేదని కబురు పంపేవాడు. కేసు వాయిదా పడేది. ముద్దాయి కనుక దిలీప్ మాత్రం రాక తప్పేది కాదు.

ఇంట్లో భార్య భారతీదేవి కూతురి పేరు ఎత్తదు. చుట్టాలు మాట మారుస్తారు. ఈ కోర్టులో మాత్రమే తన కూతురి సంగతి ఇంకా తేలవలసిన సంగతి. తీర్పు వస్తే అదీ తేలిపోతుంది. ఆ తరువాత? ఆయన ఆలోచన ఎప్పుడూ అక్కడే, నూతి అంచున కాలు ఆగినట్టు, ఆగిపోయేది. ఆ అంచున నిలబడి ఉండటానికి, ఎండలో నిలబడిన దిలీప్‌ను చూడటం ఆయనకొక ఆధారమైంది.

ఇక అదీ సాగేట్టు లేదు. "ఇవాళ కూడా రాకపోతే మీ సాక్ష్యం లేకుండానే కేసు మూసేస్తారు మాస్టారూ. మెజిస్ట్రేటు గారు మండిపడుతున్నారు," అని ప్రభుత్వ న్యాయవాది జాయిస్ పొద్దున్నే ఫోన్ చేసింది. వెళ్ళినా ముగుస్తుంది, వెళ్ళకపోయినా ముగుస్తుంది.

తలెత్తి చూసేసరికి గోడవారన దిలీప్ లేడు. రోడ్డు దాటి వచ్చి బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు.

"నమస్కారం సార్. ఒంట్లో బాగాలేదంటారు గానీ, నాకన్నా మీరే బాగున్నారు."

"నువ్వెందుకొచ్చావిక్కడికి?"

"మీరు ఈ బల్ల మీదే కూర్చుంటున్నారని నాకెప్పటి నుంచో తెలుసు. మా లాయరుకి చెబితే, గమ్మునుండు, సాక్షి రాకపోతే మనకే లాభం అన్నాడు. ఏం లాభం సార్? ఏ ఓనరూ బండి ఇవ్వట్లా. కేసు తేలాక రమ్మంటున్నారు. కళ్ళు మూస్తే మీ అమ్మాయి..."

"దాని ఊసెత్తకు!"

"ఎత్తకుండా ఎట్టా సార్?" దిలీప్ బల్ల మీదికి వంగాడు. "నాకు అనుకూలంగా చెప్పమని అడగట్లా. చూసింది చెప్పండి. జైల్లో పెట్టించండి, పోతా. ఇట్టా కాల్చుకు తినొద్దు."

భవానీప్రసాద్ ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పినవాడు. ప్రాసిక్యూట్, పర్సిక్యూట్ అని బోర్డు మీద పక్కపక్కన రాసి, "వినడానికి కవల పిల్లలు. ఒకటి కోర్టులో నేరం మోపి విచారణ జరిపించడం. రెండోది వెంటపడి వేధించడం. మొదటిదానికి ఏదో ఒకరోజు తీర్పు వస్తుంది, రెండోదానికి రాదు. అదీ గుర్తు," అనేవాడు. "అయితే మీ స్లిప్ టెస్టులు రెండోదే సార్," అని ఒకసారి వెనక బెంచీ నుంచి సాయిప్రియే అంది. క్లాసంతా గొల్లుమంది. తండ్రి అని కూడా చూడలేదు.

ఒకే కేసు పేరు చెప్పి, ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే మనిషి మొదటిదాన్ని ఆపి రెండోదాన్ని సాగించవచ్చునని ఆయన పాఠంలో ఎన్నడూ లేదు.

లోపలి నుంచి బంట్రోతు కేక వినబడింది. భవానీప్రసాద్! భవానీప్రసాద్! భవానీప్రసాద్!

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"లేవలేకపోతున్నా," అన్నాడు. ఒంట్లో బాగాలేదన్న మాట ఇన్నాళ్ళలో మొదటిసారి నిజమైంది.

దిలీప్ చేయి చాపాడు. స్టీరింగు పట్టిన చేయి. భవానీప్రసాద్ చివరికి దాన్ని పట్టుకున్నాడు. లారీ ఒకటి పోయేదాకా రోడ్డు అంచున ఇద్దరూ ఆగారు. తరువాత దాటారు.

"మృతురాలు మీకేమవుతుంది?" బోనెక్కిన ఆయనను జాయిస్ అడిగింది.

"కూతురండి."

చూసింది చూసినట్టు చెప్పాడు. ఆటో, దాని పక్క నుంచి దూసుకొచ్చిన లారీ, ఎదురుగా స్కూటీ. హారన్ వినబడలేదు. ఇంకేమైనా అడిగితే బాగుండునని భవానీప్రసాద్, దిలీప్ తరఫు లాయరు వైపు ఆశగా చూశాడు. అతను రెండు ప్రశ్నలడిగి కూర్చున్నాడు.

వరండాలోకి వచ్చాక జాయిస్, "బాగా చెప్పారు మాస్టారూ," అంది.

"మళ్ళీ ఎప్పుడు రావాలమ్మా?"

"మీది అయిపోయిందండీ. ఇక మీరు రానక్కర్లేదు."

ఆయన తల ఊపాడు. రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగాడు.

"వాయిదా ఎప్పటికేశారమ్మా?"