ఒత్తుకి వంద

పేరు పొడుగైతే రాయి చెక్కేవాడికి పండగ అనుకుంటారు జనం. మార్క్ పెళ్ళాం రెబ్కాని అడిగితే అసలు సంగతి చెబుతుంది. మార్టూరు దగ్గర హైవే పక్కన వాళ్ళదో రేకుల షెడ్డు, ముందు ఒక వేపచెట్టు. దాని కింద కూర్చుని మార్క్ సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కుతాడు. అక్షరానికి వంద. ఇది వాళ్ళ నాన్న పెట్టిన లెక్క. దీర్ఘాలు, కొమ్ములు, ఒత్తులు అన్నీ ఆ వందలోనే. 'రమ' అని చెక్కినా రెండొందలే, 'లక్ష్మి' అని చెక్కినా రెండొందలే. రమ టీ చల్లారేలోపు అయిపోతుంది. లక్ష్మికి పూటంతా పడుతుంది, ఆఖర్న మ ఒత్తు దగ్గర ఉలి జారిందంటే రాయి మొత్తం పోతుంది. పోయిన రాయి మార్క్ ఖాతాలోదే.

అదేం బేరమో, ఎంత కష్టానికైనా అదే కూలి. పైగా ఊళ్ళో మిషను వచ్చింది, అడుగు లెక్కన గీసి పారేస్తుంది. ఆ గీత రెండు వానలకి మాసిపోతుంది గనక, వేలు దిగేంత లోతు అక్షరం కావాలనేవాళ్ళు ఇంకా మార్క్ దగ్గరికే వస్తున్నారు. వచ్చినవాళ్ళు ఏడుస్తూ వస్తారు. ఏడ్చేవాళ్ళ దగ్గర బేరం మార్క్‌కి చేతకాదు.

ఏడాదిగా రాబడి బియ్యానికి సరిపోతే గ్యాస్‌కి చాలడం లేదు. పోయిన వారం మార్క్ గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్‌కి వస్తానని మాట ఇచ్చి వచ్చాడు, నెల జీతం. ఆ ఫ్యాక్టరీలో దుమ్ము పొగలా నిలబడి ఉంటుంది. ఇప్పటికే రాత్రిళ్ళు దగ్గుతో లేచి కూర్చుంటున్నాడు. ఆ దుమ్ములోకి వెళ్తే నీ మొగుణ్ణి నీకు మిగల్చలేనని ఒంగోలు డాక్టరు రెబ్కా మొహం మీదే చెప్పాడు. అందుకని రెబ్కా ఒక సుద్దముక్క తీసుకుని రేకు మీద రాసింది: 'అక్షరానికి వంద. ఒత్తుకి వంద.' ఈ రేటు నిలబడితే మార్క్ చెట్టు కింద ఉంటాడు. నిలబడకపోతే ఒకటో తారీఖున ఫ్యాక్టరీ.

"ఏమే, కాసిని మంచినీళ్ళు," అన్నాడు మార్క్ చెట్టు కింద నుంచి. ఆమె చెంబు ఇచ్చి తిరిగేసరికి పక్కూరి దానయ్య ఆటో దిగాడు. మిరపకోతల నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా కారం ఘాటు. మార్క్‌కి దగ్గు తెర వచ్చింది. దానయ్య పెళ్ళాం పోయి రెండు నెలలైంది. రాయి అతనే తెచ్చుకున్నాడు, ఫ్యాక్టరీ వాళ్ళు పారేసిన ముక్క.

"మార్కూ, ఎంకటేశరమ్మ అని చెక్కాలి. ఆరొందలని చెప్పావుగా. తెచ్చా," అన్నాడు.

మార్క్ రెబ్కా వైపు చూశాడు. రెబ్కా రేకు వైపు చూపించింది.

"రేటు మారింది బాబాయ్. ఆరు అక్షరాలు, రెండు ఒత్తులు. ఎనిమిదొందలు."

"ఒత్తా? అదెక్కడుందమ్మా?"

"శ కింద వ. ఆఖర్న మ కింద మ."

దానయ్యకి చదువు రాదు. పేరుని నోట్లోనే రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. "శ కింద ఏదో ఉందంటన్నావు, అది మేమెవరం పలకంగా. ఎంకటేశరమ్మే అంటాం. అది తీసెయ్యండి."

"తీసినా ఏడొందలు."

"అమ్మలో ఒత్తు తీస్తే?"

"అమ అవుద్ది," అంది రెబ్కా. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కానీ 'ఈ ఒక్కసారికి' అని వదిలేస్తే రేపు ఇంకొకరికీ 'ఈ ఒక్కసారే'. ఏడాదిగా జరిగింది అదేగా.

దానయ్య బేరమాడలేదు. ఆడితే బాగుండుననిపించింది ఆమెకి. అతను చొక్కా జేబు తడుముకుని అన్నాడు: "బాప్తిస్మంలో అయ్యగారు మహిమ అని పెట్టారు. దానికి ఒత్తుందా?"

"లేదు. మూడొందలు."

"అయితే అదే కానియ్యండి."

మార్క్ సుద్దతో మూడక్షరాలు రాశాడు. కొలిచాడు, తుడిచాడు, మళ్ళీ రాశాడు, ఉలి అందుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి రాయి మీద 'మహిమ' తేలింది. అక్షరం ముత్యంలా ఉంది, ఆ మాట అనక తప్పదు. దానయ్య దగ్గరికొచ్చి వంగి చూశాడు. వేలు పెట్టి ఒక్కో అక్షరం తడిమాడు.

"ఇదేనా ఆమె?" అన్నాడు.

రెబ్కా రాయి మీది పొడి కొంగుతో తుడిచింది. "ఆమే బాబాయ్," అంది.

"ఈ పేరుతో ఎవరూ పిలవలా అమ్మా. పిలిచినా పలికేది కాదు." అతను రాయి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "నా దగ్గర ఇంకో మూడొందలుండాలి. కింద ఇంకోటి చెక్కుతారా? 'ఏమే' అని."

మార్క్ ఉలి కింద పెట్టాడు. "సమాధి మీదా? అయ్యగారు ఏమంటారు?"

"ఏమన్నా అననియ్యి. నలభై ఏళ్ళు నేను అలాగే పిలిచా. పొయ్యి దగ్గరున్నా, చేలో ఆ చివరున్నా, పలికేది." మొహం తిప్పుకున్నాడు. "అదెంత?"

"రెండొందలు," అంది రెబ్కా. "ఒత్తుల్లేవు."

రెండు అక్షరాలకి మార్క్ మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. మహిమ కంటే లోతుగా, ఇంకా లోతుగా దింపుతూనే ఉన్నాడు. రెండొందల పనికి పూట పోతోందని రెబ్కాకి తెలుసు, లాభం మాట దేవుడెరుగు. చాల్లే ఆపు అందామని నోటిదాకా వచ్చింది, అనలేదు. బాగా అలిసిపోయింది ఆమె. రేటు నిలబెట్టడం ఇంత బరువని పొద్దున అనుకోలేదు.

పొద్దు వాలాక దానయ్య ఆరొందలిచ్చాడు. రెబ్కా వంద తిరిగి ఇచ్చింది. ఆటోవాడు, మార్క్ కలిసి రాయి ఎక్కించారు. రాయి ఎత్తిన అదురుకి మార్క్ దగ్గుతూ చెట్టుకి ఆనుకున్నాడు. రెబ్కా చెంబు తెద్దామని లోపలికి వెళ్ళింది.

దానయ్య ఆటోలో కూర్చుని, కింది వరసలో వేలు దించి, మెల్లిగా అన్నాడు.

"ఏమే."

షెడ్డులో నుంచి రెబ్కా "ఆఁ, వస్తన్నా," అంది.