చూద్దాం అన్నందుకు

ఆఫీసులో నా పని గుద్దుకున్న కార్ల ఫోటోలు చూడటం. బీమా కంపెనీలో క్లెయిముల విభాగం మాది. నుజ్జయిన బానెట్లు, పగిలిన అద్దాలు, లోపలికి పోయిన తలుపులు. ఏది బాగు చేయించవచ్చు, ఏది ఇక పాత ఇనుము కిందే లెక్క అన్నది ఫోటో చూసి రాయాలి. సాయంత్రానికి కళ్ళు మండుతాయి. ఇంటికెళ్ళి నేను పెట్టుకునే పని కూడా కార్లదే. కాకపోతే అవి అరచేతిలో పట్టే ప్లాస్టిక్ కార్లు. అట్టపెట్టెలో విడి భాగాలుగా వస్తాయి. ఒక్కొక్కటీ కత్తిరించి, అరగదీసి, అతికించి, రంగు వేసుకోవాలి.

మా తమ్ముడు కార్ల షెడ్డులో పెయింటరు. "నేను పొద్దంతా పెద్ద కార్లకి రంగేసి జీతం తెచ్చుకుంటా. నువ్వు తెచ్చుకున్న జీతం పోసి చిన్న కార్లకి రంగేస్తావు. ఇద్దర్లో చదువుకున్నోడెవడ్రా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటావన్నయ్యా?" అంటాడు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళింది నేనొక్కడినే. ఆ డిగ్రీతో పాటు ఒక మాట కూడా వచ్చి ఇంట్లో కూర్చుంది. "చదువుకున్నవాడివి, కాస్త నువ్వు చూడు." కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా, చిన్నాన్న పింఛను ఆగినా, పక్కింటావిడ ఫోను మూగబోయినా నా దగ్గరికే. కాదనడం నాకు చేతకాదు. అందుకే, ఎవరికీ ఏ అవసరమూ లేని ఆ చిన్న కార్లంటే నాకు ప్రాణం. ఆదివారం పొద్దున కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం దాకా నన్ను ఎవరూ ఏదీ అడగరు. నాకున్న సొంత ఆస్తి అదే.

దాని మీద మా పెళ్ళిపెద్ద కన్ను పడింది. ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా, బదిలీ అయినా ముందుండి జరిపించేది ఆయనే. అందుకే ఆ పేరు. పిలిస్తే మురిసిపోతాడు కూడా. ఒక సోమవారం నా గోళ్ళలో నీలం రంగు చూసి ఏమిటని అడిగాడు. నేను ఫోన్‌లో ఒక కారు బొమ్మ చూపించాను.

"అబ్బో! ఇంత పనితనం దాచుకుని కూర్చున్నారా? మన మేనేజరుగారు రిటైరవుతున్నారు కదా. ఆయన మొదట కొన్నది ముదురు నీలం కారట. ఇప్పటికీ కథలు కథలుగా చెప్తారు. అదే బొమ్మ మీరు చేసిచ్చేస్తే? గోడ గడియారం ఎవడైనా ఇస్తాడు. ఇదీ కానుకంటే!"

"చూద్దాం" అన్నాను.

మన భాషలో చూద్దాం అంటే చాలామటుకు కుదరదనే అర్థం. ఎదుటివాడి ముఖం మీద తలుపు వెయ్యకుండా మెల్లగా చేరవేస్తామంతే. కానీ ఆ మాట నేనంటే అర్థం మారిపోతుంది. ఇన్నేళ్ళలో చూద్దాం అన్నవన్నీ చేసిపెట్టాను మరి. మధ్యాహ్నానికల్లా పెళ్ళిపెద్ద విభాగమంతా చాటేశాడు.

సాయంత్రం మా ఆవిడకి చెప్పాను.

"చూద్దాం అన్నారా? ఇంకేం, చేసేసినట్టే."

"గట్టిగా ఏం ఒప్పుకోలేదే."

"మీరు గట్టిగా ఒప్పుకున్నదెప్పుడు, గట్టిగా కాదన్నదెప్పుడు? మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధని ఊరికే అన్నారా?"

ఆ నీలం కారు పెట్టె వెతికి తెప్పించాను. ఆదివారం బల్ల దగ్గర కూర్చున్నాను గానీ, ఆఫీసు కుర్చీలో కూర్చున్నట్టే ఉంది. నడుము నొప్పి అప్పుడే మొదలైంది. మామూలుగా ఒక తలుపు అంచు నునుపు చెయ్యడానికే పూటంతా పట్టినా నాకు పట్టదు. ఈసారి పదే పదే గోడ మీది క్యాలెండరు వైపే చూపు పోయింది. మధ్యలో పెళ్ళిపెద్ద ఫోను.

"ఎంతదాకా వచ్చింది మన కారు?"

మన కారు! అప్పటికి నాలుగు చక్రాలూ పెట్టెలోనే ఉన్నాయి.

"వస్తోందండీ" అన్నాను.

మర్నాటి నుంచి రోజూ ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, నేరుగా బల్ల దగ్గరికే. అన్నం కంచం మా ఆవిడ అక్కడికే తెచ్చి పెట్టేది. నీలం రంగు బాగానే కుదిరింది. పైన మెరుపు కోసం వార్నిష్ కొట్టడమే మిగిలింది. అంతలో వాన పట్టుకుంది. గాలిలో తేమ ఉన్నప్పుడు వార్నిష్ కొట్టకూడదు. అది ఆరేలోగా తేమని లోపలికి పట్టేసుకుని తెల్లబడుతుంది. ఈ సంగతి నాకు తెలీక కాదు. వీడ్కోలు సభ శుక్రవారం. అప్పటికే బుధవారం వచ్చేసింది. వాన తగ్గలేదు. కిటికీ మూసి, స్ప్రే డబ్బా ఊపి, కొట్టేశాను.

చూస్తుండగానే ముదురు నీలం మీద మజ్జిగ ఒలికినట్టు తెల్లటి పొర కమ్ముకుంది. నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. అంతే.

మర్నాడు తమ్ముడు వచ్చి కారుని వెలుతురులో తిప్పి చూశాడు.

"వానలో కొట్టావా?"

"ఊఁ."

"తెలిసే?"

"తెలిసే."

"నీకు పిచ్చిగానీ పట్టిందా? పోన్లే. మా షెడ్డులో నెమ్మదిగా ఆరే మందుంది. ఒక్క పల్చటి పొర కొడితే ఈ తెలుపంతా దిగిపోతుంది. ఇటివ్వు, రేపు పొద్దున్నే తెచ్చిస్తా. మీ పెళ్ళిపెద్ద నిన్ను భుజాల మీద మోస్తాడు."

కారు వాడి చేతికి ఇవ్వబోయాను. పెళ్ళిపెద్ద మోయడం కళ్ళకి కట్టింది. సభలో చప్పట్లు. ఆ తర్వాత ఒకరికి వాళ్ళ అబ్బాయి కోసం, ఒకరికి మామగారి కోసం. ప్రతి ఆదివారం కిటికీ పక్కన ఇంకొకరి కారు.

"వద్దురా" అన్నాను.

"వద్దేంటి? పది నిమిషాల పని."

"పని గురించి కాదు. ఇది నేనివ్వను."

తమ్ముడు మా ఆవిడ వైపు చూశాడు. ఆమె బల్ల మీది కంచం తీస్తూ, "మీ అన్నయ్యకి ఇవాళే మాటలొచ్చాయి, పాడుచెయ్యకు మరిదీ" అంది.

వాడు వెళ్ళాక పాత డబ్బాలో స్పిరిట్ పోసి కారు పై డొప్పని అందులో ముంచాను. రంగు పొట్టులా ఊడి వచ్చింది.

శుక్రవారం పొద్దున్నే పెళ్ళిపెద్ద దగ్గరికి వెళ్ళాను. "కారు అవ్వలేదండీ. ఇక చెయ్యను కూడా."

ఆయన నవ్వాడు, హాస్యమనుకుని. తర్వాత నవ్వు ఆగింది. "చేస్తానన్నారు కదా!"

"చూద్దాం అన్నాను."

"చూద్దాం అంటే చేస్తాననే కదండీ! చిన్నపిల్లాడికైనా తెలుసు. ముందే చెప్తే మా ఏర్పాట్లు మేం చూసుకునేవాళ్ళం. చదువుకున్నవారు, ఇలాగేనా?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ముందే చెప్పాల్సింది. తల వంచుకుని విన్నాను. మధ్యాహ్నం ఎదురు దుకాణంలో గోడ గడియారం కొనుక్కొచ్చారు. రంగు కాగితం చుట్టడానికి ఎవరూ నన్ను పిలవలేదు.

సభ అయ్యాక మేనేజరుగారు ఆ పెట్టె మోసుకుంటూ మెట్ల దగ్గర ఆగారు. నేను వెళ్ళి అందుకున్నాను. నాలుగు అంతస్తులు. లిఫ్టు పనిచెయ్యడం లేదు. రెండో మలుపు దగ్గర ఆయన మెల్లగా అడిగారు.

"నాకు నీలం కారు ఇస్తారని ఎవరో అన్నారే?"

ఆయన మంచివాడు. నాకెప్పుడూ చెడు చెయ్యలేదు. చూద్దాం సార్, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదు సార్. ఇవ్వడం లేదు."

"చెడిపోయిందా?"

"చెడిపోయింది. కానీ బాగయ్యేదే. నాకే ఇవ్వబుద్ధి కాలేదు. ఆదివారాలు చేసుకుంటాను సార్ అవి. నా కోసం."

ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. అది నేను చూశాను, చూడనట్టు నటించలేదు. కింద ఆయన కారు వెనక సీటులో గడియారం పెట్టాను. తలుపు వేసుకుని, అద్దం దించి, "జాగ్రత్తండీ, బాగా అలిసిపోయినట్టున్నారు" అన్నారు. అవును సార్, అన్నాను. కారు గేటు దాటింది.

తిరిగి పైకి ఎక్కే ఓపిక లేక మొదటి మెట్టు మీదే కూర్చుండిపోయాను. పైన కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. మామూలుగా అయితే నేనే వెళ్ళి ఒక చెయ్యి వేసేవాణ్ణి.