లోపలి జేబు

"ఆక్సిజన్ నూటికి నూరు వచ్చింది సిస్టర్, చూడండి!" కుర్ర డాక్టరు మొహం వెలిగిపోతోంది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"అంకె చూశాను. మనిషిని చూశారా మీరు?"

మంచం మీదున్నది డెబ్బై దాటిన దర్జీ. అరగంట క్రితం గాలి ఆడక మంచం అంచు పట్టుకుని వంగిపోయి ఉంటే, నేనే చొక్కా కత్తిరించి, పాత ఆయాసానికి పీపాలా ఉబ్బిన ఛాతీకి వైర్లు అంటించాను. పక్క మంచం మీద యాక్సిడెంట్ కేసు చూసి వచ్చేసరికి ఈ డాక్టరు ఆక్సిజన్ పూర్తిగా తిప్పేశాడు. ముసలాయన గుర్రు పెడుతున్నాడు.

"ఇప్పుడే కాస్త కునుకు పట్టింది, లేపకండి," అంది పక్కనే నిలబడ్డ ఆయన కోడలు.

కునుకట, కునుకు! ఏళ్ళ తరబడి పాడైన ఊపిరితిత్తులకి అంత ఆక్సిజన్ ఇస్తే రక్తంలో చెడుగాలి పేరుకుపోయి మనిషి మత్తులోకి జారిపోతాడు. ఆ మత్తులోనే ఊపిరి ఆగిపోవచ్చు.

ఆక్సిజన్ తగ్గించాను. "తాతా! కళ్ళు తెరువు!" అని భుజం పట్టి కుదిపాను. ఉలుకూ పలుకూ లేదు. ఊపిరి నెట్టే మిషన్ లాక్కొచ్చి, దాని మాస్కు మొహానికి బిగించాను.

"ఇలాంటివాళ్ళకి తొంభై చాలని తెలీదా? చదివిందంతా గాలికొదిలేశారా?"

"పాత జబ్బని నాకెవరూ చెప్పలేదు సిస్టర్."

నా కోపం కోడలి మీదికి మళ్ళింది. "నోరు లేదా అమ్మా నీకు?"

ఆమె నాకేమీ తీసిపోలేదు. "చెప్పబోతే పక్కకి జరగమన్నది మీరే కదా! అంతా కార్డు మీద రాసుంది. హడావిడిలో మా మాట ఎవరూ వినరనే, మామయ్య ఆ కార్డు కోసం ప్రతి చొక్కాకీ లోపల జేబు కుట్టుకున్నారు."

చెత్తబుట్టలో చెయ్యి పెట్టి చొక్కా బయటికి లాగాను. నా కత్తెర సరిగ్గా ఆ జేబు మీదుగానే పోయింది. కార్డు రెండు ముక్కలైంది. ఒకదాని మీద "88 నుంచి 92 చాలు" అని ఉంది. రెండోదాని మీద "మించితే ప్రమాదం" అని. ఇప్పటిదాకా అందరి మీదా ఎగిరినదాన్ని, ఆ రెండు ముక్కల్నీ ప్లాస్టరుతో అతికించి డాక్టరు చేతిలో పెట్టాను.

మరో ముప్పావుగంటకి తాత కళ్ళు తెరిచాడు. చేత్తో ఒట్టి ఛాతీని ఎడమ పక్క తడుముకున్నాడు.

"జేబులో ఉంది... చూడమ్మా," అన్నాడు మాస్కులోంచి.