లేసు పేజీ అడుగున అంకెల పలక

నేనొక అంకెల పలకను. వెబ్‌సైటు తెరిచి అడుగుదాకా వస్తే, ఇంతమంది చూశారని చూపిస్తుందే, ఆ కౌంటర్ని. పది అంకెలకు మించి చదువు లేదు నాకు. మరుపు మాత్రం బొత్తిగా లేదు.

నన్ను పుట్టించినవాడెవడో ఎక్కడో పట్నంలో కూర్చుని, కావలసినవాళ్ళు తీసుకోండని వదిలేశాడు. నా తోబుట్టువులు వేలమంది. ఒకడైతే ఓ ఫోటో స్టూడియో పేజీలో ఎవరూ తొంగిచూడకముందే లక్షతో మొదలయ్యాడు. జనం ఉన్నచోటికే వెళ్ళాలనిపిస్తుంది మనుషులకు, పాపం.

నన్ను తెచ్చుకున్నది నరసాపురం పక్క పల్లెలో ఉండే ప్రిస్కిల్లా. ఆమె అత్త సువార్తమ్మ యాభై ఏళ్ళుగా లేసు అల్లుతోంది. ఇప్పటి బేరగాళ్ళు అడిగేవి నాలుగే రకాలు. పాతవాళ్ళు అల్లిన డిజైన్లు వాళ్ళ చేతులతోపాటే పోతున్నాయని సువార్తమ్మకు బెంగ. అందుకని అత్తాకోడళ్ళు ఇల్లిల్లూ తిరిగి పాత లేసులకు ఫోటోలు తీసి, ఎవరి డిజైను కింద వాళ్ళ పేరు రాసి సైటులో పెట్టారు. సైటును నడిపించేది లేసు సంఘం. కార్యదర్శి రత్నకుమారి గారు ఒకటే మాట చెప్పింది. మార్చి ఆఖరుకి వెయ్యిమంది చూస్తే ఉంచుతాం, లేదంటే మూసేస్తాం. అందుకే నేను వచ్చాను.

ప్రిస్కిల్లా ముందు నాకు నల్ల అంకెలు పెట్టింది.

"అదేంటమ్మాయ్, చావు కబురు కార్డులాగ? దారం రంగు వెయ్యి" అంది అత్త.

నీలం మీద తెల్లటి అంకెలొచ్చాయి నాకు. చుట్టూ లేసు అంచు కూడా కట్టారు. ఇక ఎక్కడ మొదలెట్టాలన్న మాట వచ్చింది. కోడలు సున్నా దగ్గర వేలు పెట్టింది.

"సున్నాతో మొదలెడతారా ఎవరన్నా? నూట పదహారు పెట్టు."

"అది చదివింపులకి కదండీ అత్తయ్యా."

"ఇది మాత్రం శుభకార్యం కాదేంటి?"

అలా ఒక్కరూ రాకుండానే నూట పదహారు మందిని మోస్తూ నిలబడ్డాను.

ఆ ఊళ్ళో లేసు అల్లే ఆడవాళ్ళు ఇరవైనలుగురు. పొద్దున్నే టీ తాగుతూ ఫోను తెరిచి, నేను పెరిగానా లేదా అని చూసుకునేవాళ్ళు. వాళ్ళు చూడటంవల్లే నేను పెరిగేదాన్ని. నాకు తెలుసు, కానీ చెప్పడానికి నోరేది? ఫిబ్రవరి మధ్యకి తొమ్మిది వందల ఎనిమిదికి చేరాను. ఊళ్ళో పకోడీలు వేసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే ప్రిస్కిల్లాకి అనుమానం వచ్చి, ఏ ఫోన్లనుంచి చూశారో వెతికింది.

"అత్తయ్యా, బయటివాళ్ళు అరవై ఒక్కరేనండి. తతిమ్మా అంతా మనమూ, మనం పెట్టిన నూట పదహారూను. ఊరుకుంటే వారంలో వెయ్యి దాటేస్తుంది. ఎవరికీ తెలీదు."

సువార్తమ్మ సూది ఆపింది. ఒళ్ళో లేసు ఎత్తి చూపించింది. "వరస మధ్యలో ఒక కన్నం తప్పితే ఏం చేస్తాం?"

"విప్పేస్తాం."

"మరింకేం. విప్పు."

ఒక్క నొక్కుతో ఎనిమిది వందల నలభై ఏడు మంది నా మీంచి రాలిపోయారు. ప్రాణం తేలికపడింది. ఒక ఫోనుకి ఒక్కసారే లెక్క, ఊళ్ళోవాళ్ళ ఫోన్లకు అసలు లెక్కే లేదని కోడలు నాకు కొత్త కట్టుబాటు కూడా పెట్టింది.

"రోజూ లేచి చూసిందంతా బూడిదలో పోసినట్టేనా?" అని లేసు అల్లేవాళ్ళలో ఒకామె, చిట్టెమ్మ, మూతి తిప్పింది.

"మన మొహం మనమే అద్దంలో చూసుకున్నామే. ఇప్పుడు బయటికెళ్దాం పదండి" అంది సువార్తమ్మ.

వెళ్ళారు. అమ్మకానికి పంపే ప్రతి లేసుకూ పేజీ పేరు రాసిన చీటీ దారంతో కట్టారు. నరసాపురం స్టేషన్లో బల్లల మీద కూర్చుని అల్లారు. ఏంటిదని అడిగినవాళ్ళ చేత అక్కడే ఫోను తెరిపించారు. ఒక్కొక్కరే వచ్చారు నా దగ్గరికి. ప్రతి ఒక్కరూ గుర్తే నాకు.

గడువు రోజు పొద్దున సంఘం ఆఫీసులో నా అంకె తొమ్మిది వందల అరవై రెండు.

"ముప్పై ఎనిమిది తక్కువండి. మాటంటే మాటే" అని రత్నకుమారి గారు రిజిస్టరు తెరిచింది.

"మూసేద్దురుగాని. మీరెప్పుడన్నా చూశారా దాన్ని?" అంది సువార్తమ్మ.

"తీరికెక్కడిదండీ" అంటూనే ఆవిడ తన ఫోనులో తెరిచింది. నేను అరవై మూడుకి జరిగాను. ఆవిడ వేలు కిందికి కదులుతూ 'నత్త చుట్ట' అనే డిజైను దగ్గర ఆగిపోయింది. దాని కింద వీరాయమ్మ అని ఉంది.

"మా అమ్మది ఇది" అంది మెల్లగా. "మా దిండు గలీబుల మీద ఉండేది."

మూసి మళ్ళీ తెరిచింది. అరవై మూడు. మళ్ళీ తెరిచింది. నేను కదల్లేదు.

"పెరగదేంటమ్మాయ్?"

"ఒక ఫోనుకి ఒక్కసారేనండి" అంది ప్రిస్కిల్లా.

"నాక్కూడానా?"

"మాకు ఆ ఒక్కసారి కూడా లేదండి."

రత్నకుమారి గారు రిజిస్టరు మూసి పక్కకి నెట్టింది. "సాయంత్రం అయిదింటిదాకా గడువుంది కదా" అని అన్నకి, అక్కకి, చెల్లెళ్ళకి, మేనమామ పిల్లలకి వరసపెట్టి ఫోన్లు చేసింది. "అమ్మ నత్త చుట్ట ఉంది, చూడండి" అని ఒకటే మాట.

నాలుగున్నరకి వెయ్యి నిండాను. వెయ్యో మనిషి ఆవిడ అక్క. వచ్చి, వీరాయమ్మ పేరు దగ్గర ఆగి, చాలాసేపటిదాకా కదల్లేదు. ఎంతమంది వచ్చారో చూపిస్తాను గాని, ఎంతసేపు నిలబడ్డారో చూపించే గడి నాకు పెట్టలేదు. ఉంటే ఆ రోజు అది కూడా చూపించేదాన్ని.